కొంచెంలో పోయింది

వీడియో గేముల గురించి మాట్లాడేవాళ్ళలో నూటికి తొంభై మంది బొమ్మల గురించే మాట్లాడతారు. నీళ్ళు అచ్చం నీళ్ళలా మెరుస్తున్నాయంటారు, గడ్డిపోచ గాలికి ఊగిందంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. గడ్డి చూడాలనుకుంటే పొలం గట్టుకి వెళ్ళొచ్చు కదా! ఇంకొందరు కథ అంటారు. కథ కావాలంటే పుస్తకాలున్నాయి. ఆటని ఆటగా నిలబెట్టేది వేరే ఉంది. ఆడేవాడి నోట్లోంచి "అబ్బా, కొంచెంలో పోయిందే!" అన్న మాట రావాలి. ఆ మాట అన్నవాడు కంట్రోలర్ కింద పెట్టడు. గెలిచినవాడు పెట్టేస్తాడు. చిత్తుగా ఓడినవాడూ పెట్టేస్తాడు. కొంచెంలో పోయినవాడు మాత్రం అన్నం చల్లారిపోతోందని ఇంట్లోవాళ్ళు ఎంత మొత్తుకున్నా లేవడు.

గేముల మీద నేను నడిపే ఛానల్లో ఈ సిద్ధాంతం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "హైమక్క మళ్ళీ మొదలెట్టింది" అని కింద కామెంట్లు కూడా పెట్టేవాళ్ళు. నిజానికి అది నా సొంత సిద్ధాంతం కాదు. మా అన్నయ్య సూరిబాబు దగ్గర నేర్చుకున్నది.

మా చిన్నప్పుడు కాకినాడ జగన్నాథపురంలో అన్నయ్యకి వీడియో గేమ్ షాపు ఉండేది. బీరువాలంత మెషిన్లు, బడి వదలగానే వాటి ముందు తోపులాట. ప్రతి మెషిన్ వెనకా ఒక రేకు మూత, దాని కింద చిన్న చిన్న మీటలు. వాటితో ఆటని బిగించొచ్చు, వదులు చెయ్యొచ్చు. అన్నయ్య తెరల వైపు చూసేవాడే కాదు, పిల్లల మొహాలు చూస్తూ కూర్చునేవాడు. ఎవడైనా తేలిగ్గా గెలిచేస్తుంటే మెల్లిగా వెనక్కి వెళ్ళి మీట బిగించి వచ్చేవాడు. కౌంటర్ దగ్గర హోంవర్కు రాసుకుంటున్న నాతో, "చేతికి అందేటట్టుండాలే, అందకూడదు. అదే కిటుకు" అనేవాడు.

ఇంకో పని కూడా చేసేవాడు. ఏ పిల్లాడైనా ఇంక ఏడ్చేస్తాడనిపిస్తే లేచి వెళ్ళి మీట వదిలేవాడు. వాడు గెలిచేవాడు. గెలిచి, గంతులేసుకుంటూ ఇంటికి పోయేవాడు. "ఏడుపు మొహంతో ఎవడూ మన గుమ్మం దిగకూడదే" అనేవాడు అన్నయ్య. అది మెత్తటి మనిషి చేసే పని అనుకున్నాను, కిటుకులో భాగం అనుకోలేదు. నా వీడియోల్లో ఎప్పుడూ దాని ఊసెత్తలేదు.

ఫోన్లు వచ్చాక ఆ మెషిన్లు పాత ఇనుముకి పోయాయి. అదే షాపులో అన్నయ్య సెల్‌ఫోన్ల రిపేరు పెట్టాడు. బియ్యపు గింజలో సగం ఉండే ముక్కని పట్టకారుతో పట్టి, వేడి కడ్డీతో అతికేవాడు. చెయ్యి అదిరేది కాదు. టౌన్లో మిగతా షాపులవాళ్ళు తమవల్ల కాని ఫోన్లు తెచ్చి అన్నయ్య ముందు పెట్టేవాళ్ళు. అలాంటి మనిషికి పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. కాలు మెల్లిగా దారికొచ్చింది. కుడి చెయ్యి రాలేదు. వేళ్ళు సగం దాకా ముడుచుకునేవి, ఆ పైన కదిలేవి కావు.

"మొదటి ఆరు నెలల్లో ఎంత వస్తే అంత. ఆ తర్వాత రావడం చాలా కష్టం. రోజూ వ్యాయామం చేయించండి" అన్నాడు డాక్టరు. వ్యాయామం అంటే రబ్బరు బంతి పిసకడం. వారం తిరిగేసరికి అన్నయ్య ఆ బంతిని వీధిలో క్రికెట్ ఆడుకునేవాళ్ళకి ఇచ్చేశాడు. "ఆ బంతి కూడా పిసకలేడా వదినా నీ మొగుడు" అని వదిన ముందు నేను విసుక్కుంటే, పక్క గదిలోంచి, "నువ్వు పిసకవే, తెలుస్తది!" అని అరిచాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టర్ నిరుపమ నుంచి నాకు ఫోను వచ్చింది. నేనుండే విశాఖపట్నంలోనే ఆవిడకి చిన్న ల్యాబు ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళ కోసం ఒక తొడుగు తయారు చేశారు. చేతికి వేసుకుంటే సన్నటి కరెంటుతో కండరాలని కదుపుతుంది. ముడుచుకోని వేళ్ళని ముడుస్తుంది, బిగుసుకుపోయిన పిడికిలిని తెరుస్తుంది. తలకి ఒక పట్టీ కూడా ఉంది. అది మనిషి మనసు ఎంత లగ్నమై ఉందో చూస్తుంది. తెర మీద ఆట నడుస్తుంటే తొడుగూ పట్టీ కలిసి ఆ మనిషిని గమనించి, ఆటని అతనికి తగినట్టు మార్చుకుంటూ పోతాయి. ఎలా మార్చాలన్నది ఎవరూ చెప్పక్కర్లేదు, అదే నేర్చుకుంటుంది.

"అన్నీ బాగానే ఉన్నాయి హైమ గారూ, ఒక్కటే చిక్కు. ఎవరూ ఆడట్లేదు. నాలుగు రోజులు వేసుకుని మూల పడేస్తున్నారు. మీ వీడియోలన్నీ చూశాను. మనిషిని ఆట ముందు కూర్చోబెట్టాలంటే దీనికి ఏం నేర్పాలో మీరు చెప్పండి" అంది నిరుపమ.

నాకు ఎక్కడలేని హుషారు వచ్చి, మర్నాడే ఆ ల్యాబుకి వెళ్ళాను. ఇన్నాళ్ళూ కామెంట్లలో కొట్లాడుకున్న విషయాన్ని ఒక సైంటిస్టు బోర్డు మీద రాసుకుంటోంది మరి. "కొంచెంలో పోయింది అని మనిషికి ఎక్కడ అనిపిస్తుందో అది పట్టుకోమనండి. మనిషిని అక్కడే ఉంచమనండి. అటు గెలవనివ్వకూడదు, ఇటు విసిగిపోనివ్వకూడదు" అన్నాను. నిరుపమ అదే రాసుకుంది. వాళ్ళు అదే పెట్టారు.

ఆట కూడా నేనే గీసిచ్చాను. ఒక ప్రహరీగోడ, గోడ మీంచి వంగిన జామకొమ్మ, కొమ్మకి దోరగా పండిన కాయ. తొడుగు వేసుకున్నవాడు చెయ్యి చాపి వేళ్ళు ముడిస్తే కాయ చేతికి వస్తుంది. ముడవడం ఆలస్యమైతే ఒక చిలక వచ్చి ఎత్తుకుపోతుంది. మొదటి తొడుగుల్లో ఒకటి అన్నయ్యకి తెచ్చాను.

మొదటి రోజే పట్టేసింది. కాయ దాకా చెయ్యి వెళ్ళడం, వేళ్ళు వంగడం, ఇంకొక్క అంగుళంలో పట్టు బిగుస్తుందనగా చిలక రావడం. "ఓసి దీని దుంపతెగ! చూశావటే హైమా, కొంచెంలో పోయింది!" అని అన్నయ్య అరిచాడు. వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. జబ్బు చేశాక ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను. దాచుకోవడం ఎందుకు, నిజంగానే ఉబ్బిపోయాను.

ఆ తర్వాత ఇల్లంతా ఆ చిలక గోలే. నేను ఆదివారం వెళ్తే అన్నయ్య నా క్షేమం అడిగేవాడు కాదు, చిలక కొత్తగా వేసిన వేషాలు చెప్పేవాడు. మొదట కొమ్మ మీద దర్జాగా కూర్చునేదట, ఇప్పుడు ఆకుల చాటున నక్కుతోందట. పొద్దున్నే స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, ఆఫీసుకి వెళ్ళినట్టు వెళ్ళి తెర ముందు కూర్చునేవాడు. పాత సావాసగాళ్ళు పలకరింపుకి వస్తే, "ఉండండ్రా, ఒక్క ఆట" అనేవాడు. వాళ్ళు టీ తాగి, వదినతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. రిపేరు షాపు షట్టరు అలాగే దించి ఉంది. "చెయ్యి రానీ, ఒకేసారి తెరుద్దాం" అనేవాడు.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి వదిన నన్ను పెరట్లోకి పిలిచింది. వదిన పేరు రత్నకుమారి. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"నీకో మాట చెప్పాలి హైమా. మొన్న కరెంటు తీగలు మారుస్తన్నారని వీధంతా కరెంటు తీసేశారు. చార్జింగ్ లేక మీ అన్నయ్య రెండ్రోజులు ఆడలేదు. రెండో రోజు మజ్జిగ ఇస్తే కుడిచేత్తో గ్లాసు పట్టుకున్నారు. నేను కళ్ళారా చూశాను. మళ్ళా కరెంటు వచ్చింది, ఆటలో కూర్చున్నారు. ఇంక ఆ చెయ్యి గ్లాసు పట్టలేదు."

"ఒక్కసారి పట్టుకున్నాడంటే ఆట పనిచేస్తున్నట్టే కదా వదినా."

"అదేమో నాకు తెలీదు. ఆడని రోజు బాగుండి, ఆడిన రోజు బాగోకపోవడమేంటని."

"మధ్యలో మానేస్తే అసలుకే మోసం వస్తుంది. ఆరు నెలలూ రోజూ ఆడాల్సిందే. కరెంటు పోతే పక్క వీధిలో ఎవరింట్లోనైనా చార్జింగ్ పెట్టించు" అన్నాను. వదిన సరేనంది. గేముల గురించి, ల్యాబు గురించి నాకు తెలిసినంత తనకి తెలియదని ఆవిడ నమ్మకం. నా నమ్మకం కూడా అదే.

విశాఖపట్నంలో ల్యాబంతా పండగలా ఉంది. తొడుగు తీసుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఆట మానలేదు. ఎన్ని గంటలు ఆడుతున్నారో గోడ మీద పెద్ద తెరలో కనిపించేది, ఆ గీత ఎక్కుతూనే ఉంది. చేతులు మాత్రం ఎవరివీ పెద్దగా మారలేదు. "కొంచెం తక్కువలో ఉన్నారు అందరూ. ఇంకాస్త టైమిస్తే దాటేస్తారు" అంది నిరుపమ. కొంచెం తక్కువలో ఉన్నారు అందరూ. ఆ మాట విన్నప్పుడు గేములు ఆడి ఆడి ముదిరిన నాకు అనుమానం రావాలి. రాలేదు. మిఠాయి తిని వచ్చేశాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య భోజనం చేసి కునుకు తీశాడు. నాకు ఏమీ తోచక, ఊరికే, తొడుగు నా చేతికి వేసుకుని తలకి పట్టీ పెట్టుకున్నాను. నేను గీసిన ఆటని నేనెప్పుడూ తొడుగుతో ఆడలేదు. మొదటి కాయ ఇట్టే వచ్చేసింది. రెండోదీ అంతే. మూడో కాయ దగ్గర చిలక రెక్క తగిలినంత పని చేసి ఎత్తుకుపోయింది. "అబ్బా!" అన్నాను. నాలుగోదానికి ఇంకా తొందరగా ముడిచాను. అదీ పోయింది. భలే ఉందే అనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

ఎంతసేపు ఆడానో తెలియదు. వదిన టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిన సంగతి కూడా తర్వాత గ్లాసు చూస్తే తెలిసింది. ఒక కాయ దగ్గర మాత్రం నేను తెర వైపు కాకుండా నా చేతి వైపు చూశాను. వేళ్ళు చకచకా ముడుచుకుంటున్నాయి. చివరి అంగుళంలో ఆగిపోయాయి. ఆగిపోయి, సన్నగా వణికి, వెనక్కి తెరుచుకున్నాయి. తెరిచింది నేను కాదు.

మళ్ళీ ముడిచాను. మళ్ళీ అక్కడే ఆగాయి. పళ్ళు బిగించి ముడిచాను. చర్మం కింద సన్నటి చురుకు, ఆ వెంటనే వేళ్ళు వదులు. నా చేతికి ఏ రోగమూ లేదు. అయినా ఒక ఉత్తుత్తి జామకాయని పట్టుకోలేకపోతోంది. అంతకన్నా భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఇదంతా తెలిశాక కూడా, ఇంకొక్కసారి ఆడితే కాయ దక్కుతుందేమో అని నా మనసు పీకుతూనే ఉంది. తొడుగు తీసి నేలకేసి కొట్టాను. ఆ చప్పుడుకి అన్నయ్య లేచాడు. "ఏంటే, నిన్ను కూడా ఏడిపించిందా?" అని నవ్వాడు.

ఆ తొడుగు తీసుకుని మర్నాడే ల్యాబుకి వెళ్ళాను. నిరుపమతో ఏమీ చెప్పలేదు. "ఒకసారి వేసుకుని ఆడండి మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వుతూ మొదలుపెట్టి, కాసేపటికి కుర్చీ ముందుకి జరుపుకుని, ఇంకాసేపటికి నేను గదిలో ఉన్న సంగతే మర్చిపోయింది. "ఇప్పుడు మీ చెయ్యి చూడండి" అన్నాను. చూసింది. ఆట ఆపేసింది.

తొడుగు ఊడదీసి బల్ల మీద పెట్టింది. "బిగుసుకుపోయిన పిడికిళ్ళ కోసమని వేళ్ళు తెరిచే కరెంటు పెట్టాం. దాన్ని ఇలా వాడుకుంటుందని అనుకోలేదు."

"ఎందుకు వాడుకుంది?"

"మనసు చెదరకుండా చూడమని మనమే చెప్పాం కదా. కాయ దక్కితే మనసు చల్లబడుతోంది. కొంచెంలో పోతే పట్టీ చూపించే గీత పైకి లేస్తోంది. చెయ్యి బాగైతే రోజూ కాయ దక్కుతుంది. అందుకని చేతిని ఆ కొంచెం దగ్గరే ఆపేసింది." "చెయ్యి బాగు చెయ్యమని మేం దానికి విడిగా చెప్పలేదు హైమ గారూ. ఆడిస్తే చాలు, చెయ్యి అదే బాగవుతుందనుకున్నాం."

అటు గెలవనివ్వకూడదు, ఇటు విసిగిపోనివ్వకూడదు. బోర్డు చెరిపేసి నెలలు దాటినా, ఆ మాట నాకు అక్కడ కనిపిస్తూనే ఉంది. ఆ సాయంత్రమే అన్ని ఇళ్ళకీ ఫోన్లు చేసి తొడుగులు తీసేయమన్నారు. నిరుపమ ఒక్కో ఇంటికి తనే వెళ్ళి జరిగింది చెప్పుకుంది. ఒకాయన తొడుగు ఇవ్వనని తలుపేసుకున్నాడట. కాయ రేపు దక్కేలా ఉందట.

అన్నయ్యని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్త పరీక్షలకని మాత్రమే చెప్పాను. డాక్టరు తన పెన్ను చాపి పట్టుకోమన్నాడు. అన్నయ్య వేళ్ళు నిదానంగా ముడుచుకుంటూ వచ్చాయి. తొడుగు లేదు, కరెంటు లేదు. అయినా చివరి అంగుళంలో ఆగి, వణికి, వెనక్కి తెరుచుకున్నాయి. పెన్ను కింద పడింది. నన్ను ఒక్కదాన్నే బయటికి పిలిచి డాక్టరు చెప్పాడు: "ఇన్ని నెలలూ ఆ చేతికి రోజంతా నేర్పింది ఒక్కటే, ఇక్కడిదాకా వచ్చి వదిలెయ్యడం. అది బాగా నేర్చుకుంది. నేర్చుకోవాల్సిన కాలమేమో అయిపోయింది. పని చేయిస్తూ ఉండండి. కానీ రిపేరు పనికి పనికొచ్చే చెయ్యి వస్తుందని మాత్రం నేను చెప్పలేను."

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మజ్జిగ గ్లాసు ఒక్కటే కళ్ళ ముందు మెదిలింది. చెయ్యి రావడానికి సిద్ధంగా ఉంది. రెండు రోజులు ఆట ఆగితే గ్లాసు పట్టింది. పక్క వీధిలో చార్జింగ్ పెట్టించమన్నది నేనే.

ఇంటికి వచ్చాక ముందు వదినకి చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండును కూడా. "ఆయనకి నువ్వే చెప్పు" అని మాత్రం అంది, పప్పు గిన్నె వంక చూస్తూ.

అన్నయ్య ముందు గదిలో కూర్చున్నాడు. నల్లగా ఉన్న తెర ఎదురుగానే. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. నేను ల్యాబులో చెప్పిన మాట, తొడుగు చేసిన పని, డాక్టరు అన్నది, ఏదీ దాచలేదు. నేను ఆపాక అన్నయ్య ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బిగించారని నాకు తెలుసే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"మొదటి వారంలోనే తెలిసింది. నేను ఎన్ని మెషిన్లకి మీటలు బిగించాను! బిగించిన ఆట నాకు తెలీదా? ప్రతిసారీ అక్కడికే వచ్చి పోతందంటే ఎవరో ఎనకాల కూర్చుని బిగించినట్టే గదా."

"తెలిసి ఎందుకు ఆడావు అన్నయ్యా? నాకెందుకు చెప్పలేదు?"

అన్నయ్య నా వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"నువ్వు పెట్టిన ఆట గదే! నా కౌంటర్లో కూర్చుని నేర్చుకున్నదానివి. నా మొహం చూస్తావు, టైమొచ్చినప్పుడు నువ్వే వదులు చేస్తావులే అనుకున్నాను."

ఆదివారం ఆదివారం వచ్చి నేను చూసింది తెరని. చిలక బాగా ఎగురుతోందా, ఆకులు సరిగా కదులుతున్నాయా అని చూశాను. ఆయన మొహం చూడలేదు. షాపులో మీటల వెనక మనిషి ఉండేవాడు, ఈ ఆట వెనక ఎవరూ లేరు. మెషిన్‌కి మొహాలు తెలియవు.

అన్నయ్య తెర వైపు తల ఊపాడు. "ఇప్పుడు వదలొచ్చా?"

"వదలొచ్చు. కానీ ముడిచేది తొడుగే అన్నయ్యా, చెయ్యి కాదు. తీసేస్తే మళ్ళీ మామూలే."

"తెలుసులే. ఒక్కసారి కొయ్యనీ ఆ కాయ."

ల్యాబులో అడిగితే నిరుపమ తనే వచ్చి తొడుగులో తెరిచే కరెంటు తీసేసి, ముడిచేది మాత్రం ఉంచి ఇచ్చింది. రోజూ వేసుకుంటే మేలని, ఎంతో కొంత రావొచ్చని చెప్పింది. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. వదిన కూడా వంటింటి ద్వారబంధానికి ఆనుకుని చూస్తోంది.

అన్నయ్య చెయ్యి చాపాడు. ఈసారి నేను తెర వైపు చూడలేదు. వేళ్ళు వంగాయి, ఆ అంగుళం దగ్గరికి వచ్చాయి. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, అలవాటుగా పెదవి కొరుక్కున్నాడు. వేళ్ళు ఆగలేదు. గుప్పెట మూసుకుంది. తెర మీద కాయ కొమ్మ నుంచి విడివడి చేతిలోకి వచ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అన్నయ్య ఆ గుప్పెట వైపు కాసేపు చూశాడు, తర్వాత తెర మీద ఖాళీ కొమ్మ వైపు, చిలక నక్కే ఆకుల వైపు చూశాడు. ఎడమచేత్తో పట్టీ లాగేసి, తొడుగు కూడా తీసి నా ఒళ్ళో పెట్టాడు. తొడుగు ఊడగానే వేళ్ళు అంగుళం తెరుచుకున్నాయి, ఇంకా ఆ కాయని పట్టుకోబోతున్నట్టే.

"తీసుకెళ్ళిపోవే. ఇంక ఆడను" అన్నాడు.

"రోజూ వేసుకుంటే కొంచెం రావచ్చంట అన్నయ్యా."

"గెలిచేశాను గదా" అన్నాడు. లేచి, కర్ర అందుకుని, గుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"చిలక రాలేదేంటే, హైమా?"